వాకిట ప్లాస్టిక్ గడ్డి: కింద నీటికి దారి ఉందా?

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారి వెంబడి, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు వైపు కొత్తగా వెలసిన ఇళ్ల వాకిళ్లు ఈ మధ్యకాలంలో పచ్చబడుతున్నాయి. రోహిణికార్తెలో రోళ్లు పగిలే ఎండలోనూ ఆ పచ్చదనం వాడదు. దగ్గరకు వెళ్లి చూస్తే అది ప్లాస్టిక్ గడ్డి. ఫంక్షన్ హాళ్లలోనూ బాక్స్ క్రికెట్ మైదానాలలోనూ కనిపించే ఈ పచ్చిక ఇప్పుడు ఇంటి గడప దాకా వచ్చింది. వేయించుకోదలచినవారు చదరపు అడుగు ధర ఎంత, ఎన్నేళ్లు మన్నుతుంది, రంగు వెలిసిపోతుందా అని దుకాణదారుని అడుగుతారు. వైద్యుణ్ణి ఎవరూ అడగరు. కాని నలభై ఏళ్లకు పైగా ఈ తీరప్రాంతపు జ్వరాలను, పుండ్లను, వడదెబ్బలను చూసినవాడిగా ఇది వైద్యుడు కూడా మాట్లాడవలసిన విషయమేనని నా అభిప్రాయం.

ప్లాస్టిక్ గడ్డిని గుడ్డిగా వ్యతిరేకించేవారిలో నేను లేను. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో నేల ఉప్పుది, బోరునీరు ఉప్పుది, గాలి కూడా ఉప్పుదే. గరిక తప్ప మరొకటి బతకడం కష్టం. నాలుగు చినుకులు పడితే చాలు, సిమెంటు వాకిలి పాచిపట్టి జారుతుంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఆ పాచి మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆ తరువాతి జీవితం మంచానికి పరిమితమయ్యే ప్రమాదం ఉన్నది. అటువంటి ఇళ్లలో కాలు పట్టు దొరికే పచ్చిక మంచిదే. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద. ఈ తీరంలో పచ్చిక పైభాగం కన్నా దాని కింది భాగం ముఖ్యం. కింద నీటికి దారి లేకపోతే పైన ఎంత ఖరీదైన గడ్డి పరచినా అది ఇంటికి అనారోగ్యమే.

ఈ వస్తువు పేరు వెనుక ఒక కథ ఉన్నది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పు గల క్రీడామైదానం కట్టారు. కప్పు కింద వెలుతురు చాలక సహజమైన గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ ప్లాస్టిక్ పచ్చిక పరచారు, ఆ మైదానం పేరు మీదనే దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది. పదేళ్ల తరువాత 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి దాని మీద ఆడించారు. అంతకుముందు పతకం లేకుండా తిరిగిరాని మన జట్టు ఆ ఏడు ఏడవ స్థానంలో నిలిచింది, ఆ బాధ మా తరంవారికి ఇంకా గుర్తే. నేను చెప్పవచ్చినది వేరు. ఎండావానలు తగలని కప్పు కింద పేరు తెచ్చుకున్న వస్తువును మనం ఎండ, వాన రెండూ మితిమీరిన తీరానికి తెచ్చుకున్నాము.

ముందు వాన సంగతి చూద్దాము. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలే ప్రధానం. నెల్లూరుకు మాత్రం ఈశాన్య రుతుపవనాలు ప్రాణం. ఏటా కురిసే సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. అదీ రోజూ కొంచెం కొంచెంగా కాదు, వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు ఏకధాటిగా. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్నకు వచ్చి పడుగుపాడు వద్ద రైలుమార్గాన్ని దెబ్బతీసిన వరద, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను ఇక్కడివారు మరచిపోయేవి కావు. దుకాణంలో గడ్డి నమూనా చూపించేవాడు దాని మీద ఒక గ్లాసు నీళ్లు పోసి ఎంత చక్కగా దిగిపోయాయో చూడమంటాడు. లెక్క గ్లాసుతో వేయకూడదు. వంద చదరపు మీటర్ల వాకిట్లో వంద మిల్లీమీటర్ల వాన పడితే అది పది వేల లీటర్లు, అనగా రెండు పెద్ద ట్యాంకర్ల నీరు. అంతే వైశాల్యం గల డాబా నీరు కూడా ఆ వాకిట్లోకే దిగితే నాలుగు ట్యాంకర్లు.

ఈ నీరు ఎక్కడికి పోతుందన్నది మీ నేలను బట్టి ఉంటుంది. మన తీరం అంతా ఒకే రకం నేల కాదు. సముద్రపు ఒడ్డున, బకింగ్‌హాం కాలువకు తూర్పున, ఇసుక. ఇసుకనేల గంటకు ముప్పై మిల్లీమీటర్లకు పైగా నీటిని తాగగలదు. కొంచెం లోపలికి వచ్చి పెన్న డెల్టాలో వరి పండే కోవూరు, ఇందుకూరుపేట వైపు చూస్తే బంకమట్టి. బంకమట్టి ఒకసారి తడిసి ఉబ్బిన తరువాత గంటకు ఒకటి నుంచి అయిదు మిల్లీమీటర్లకు మించి తాగదు. ఒకే దుకాణదారుడు ఈ రెండు చోట్లా ఒకే పద్ధతిలో గడ్డి పరచి వెళ్లిపోతున్నాడు. ఎక్కువ మంది చేసే పని ఏమిటంటే, ముందు సిమెంటు చప్టా వేయించి, దాని మీద గడ్డి చాప అతికించడం. బురద ఉండదు, కలుపు రాదు, ఒక్క రోజులో పని అయిపోతుంది. ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవారు సైతం ఈ పని చేయడం చూస్తే నాకు విచారం కలుగుతుంది. ప్రకృతి ఉచితంగా ఇచ్చిన మురుగునీటి పారుదలను డబ్బు ఖర్చుపెట్టి మూసివేయడమే కదా అది.

చప్టా మీద పరచిన గడ్డి కింద ఏమి జరుగుతుందో గమనించండి. గడ్డి చాపకు అడుగున రబ్బరు పూత, ఆ పూతకు అక్కడక్కడా రంధ్రాలు ఉంటాయి. నీరు ఆ రంధ్రాల గుండా దిగి చప్టాకు తగిలి ఆగిపోతుంది. తీరపు గాలి తెచ్చే సన్న ఇసుక, రాలిన వేపాకు, వేపపూత ఆ రంధ్రాలను రెండు మూడేళ్లలో పూడ్చివేస్తాయి. ఆ తరువాత చాప, చప్టాల నడుమ తడి ఆరదు. కుక్కనో పిల్లినో పెంచే ఇంట్లో అయితే వాటి మూత్రం కూడా అక్కడే నిలిచి, ఎండ కాయగానే అమోనియా వాసన ముక్కుకు తగులుతుంది. బూజు పెరుగుతుంది. ఆయాసం, తుమ్ములు ఉన్నవారికి ఇంట్లో కన్నా వాకిట్లోనే ఇబ్బంది కలగడానికి ఇదొక కారణం కావచ్చు.

దోమల విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఉన్నదానికన్నా ఎక్కువ భయపెట్టడం నాకు ఇష్టం లేదు. గడ్డి కింద కంకర సందుల్లో ఉన్న నీటిని దోమ చేరుకోలేదు. ప్రమాదం మూడు చోట్ల ఉంటుంది. గడ్డి కుంగి ఏర్పడిన గుంటలలో, అంచున కట్టిన కాలువలో, నీటి గొట్టం చివర ఉన్న చిన్న తొట్టిలో. డెంగీని మోసే ఏడిస్ దోమకు పెద్ద చెరువు అవసరం లేదు, గిన్నెడు నిలవనీరు చాలు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు పడుతుంది. ఆ గుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కనుక వేసవిలో పొడిగా ఉన్నది కదా అని ఆ కాలువను వదిలేస్తే తొలి వానకే దోమలు లేస్తాయి. మురుగు కలిసిన నీరైతే బోదకాలును మోసే క్యూలెక్స్ చేరుతుంది. కోస్తా జిల్లాలకు బోదకాలు కొత్త కాదు. చిన్నతనంలో వీధికొకరైనా ఆ కాలుతో కనిపించేవారు. ఆరోగ్య శాఖవారు శుక్రవారం పొడిదినంగా పాటించమని చెబుతూ వస్తున్నారు. ఆ రోజు తొట్లు, కుండలు బోర్లించడంతో పాటు ఈ కాలువ మూత కూడా ఎత్తి చూడాలి.

మరి ఎలా వేయించాలి? ముందు నేలను అడగండి. దసరా ముందు, నాలుగు వానలు పడిన తరువాత వాకిట్లో అడుగు లోతు గుంట తవ్వి నీటితో నింపండి. అది ఇంకిన తరువాత మళ్లీ నింపి గడియారం చూడండి. గంటకు రెండు మూడు అంగుళాలు దిగితే మీది మంచి నేల. అంగుళమైనా దిగకపోతే బంకనేలగా భావించండి. గుంట తవ్వుతుండగానే అడుగున నీరు ఊరితే, వానాకాలంలో భూగర్భజలం అంత పైకి వస్తున్నదని అర్థం. అటువంటి చోట ఏ పద్ధతిలో పరచినా నీరు దిగదు, గడ్డి ఆలోచన మానుకోవడం మంచిది.

ఇసుకనేల అయితే పని సులువు. పైమట్టి తీసి, నేలను దిమ్మిసతో గట్టిపరచి, నీరు దిగి మట్టి దిగని జియోటెక్స్‌టైల్ బట్ట పరచి, మూడు నాలుగు అంగుళాల కంకర, ఆ పైన అంగుళం మందాన సన్న చిప్స్ వేస్తే చాలు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతున్నాయి. కలుపు రాకూడదని ఆ బట్టకు బదులు పాలిథీన్ పట్టా పరుస్తున్నారు. అది చప్టాకు చెల్లెలే. రెండవది, చదునుగా రావడానికి క్రషర్ డస్టును మందంగా పోసి నీళ్లు చల్లి గట్టిపరుస్తున్నారు. కొన్నాళ్లకు అది కూడా సిమెంటు లాగా బిగుసుకుపోతుంది. బంకనేలలో కంకర మందం ఆరు అంగుళాలకు పెంచి, అడుగున రంధ్రాలున్న నాలుగంగుళాల పీవీసీ గొట్టం వేసి నీటిని బయటికి తీసుకుపోవాలి. అక్కడ ఇంకుడుగుంత మీద మాత్రమే ఆధారపడితే నవంబరులో అది నిండి పొంగుతుంది.

ఏ నేల అయినా వాటం తప్పదు. మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాటం ఇంటి గోడ వైపు నుంచి బయటికి ఉండాలి. ఇది మేస్త్రీలకు తెలియని విద్య కాదు. లెవెల్ ట్యూబు పట్టి మేడ మీద అంగుళం తేడా రాకుండా వాటం ఇచ్చే మేస్త్రీ మన ఊళ్లన్నింటిలోనూ ఉన్నాడు. గడ్డి పరిచే కుర్రవాళ్లను ముందు పిలిచి మేస్త్రీని అసలు పిలవకపోవడమే లోపం. డబ్బు కూడా తలకిందులుగా ఖర్చవుతున్నది. పోచ పొడవు ముప్పై అయిదు మిల్లీమీటర్లా, నలభైయా అని గంటసేపు బేరమాడేవారు కింద కంకరకు పెట్టే ఖర్చును దండుగ అనుకుంటారు. నన్ను అడిగితే పోచను కురచ చేసి కంకరను పెంచమంటాను.

అంచులకు కొట్టే మేకుల గురించి ఒక మాట. ఉప్పుగాలికి మామూలు ఇనుప మేకు ఒకటి రెండు వానాకాలాలకే తుప్పుపట్టి తల ఊడిపోతుంది. మొన తేలిన మేకు పచ్చటి పోచల మధ్య కనిపించదు, పిల్లల కాలికే తగులుతుంది. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని జనంలో ఒక నమ్మకం ఉన్నది. వచ్చేది తుప్పు వల్ల కాదు, మట్టిలోను పశువుల పేడలోను ఉండే సూక్ష్మజీవుల బీజాల వల్ల. లోతుగా దిగిన సన్నని గాయం వాటికి అనుకూలం. కనుక స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడండి. పదేళ్లకొకసారి వేయించుకోవలసిన టీడీ ఇంజక్షను మీ ఇంట్లో పెద్దలు ఎప్పుడు వేయించుకున్నారో కూడా ఈ సందర్భంగా గుర్తు చేసుకోండి. చాలామందికి గుర్తు ఉండదు.

ఇక ఎండ. నాకు వాన కన్నా ఎక్కువ భయం దీని వల్లనే. సహజమైన గడ్డి తన ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూ చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ పోచకు ఆ శక్తి లేదు. అది ఎండను తాగి దాచుకుంటుంది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవారు 2002లో తమ మైదానంలో కొలిచినప్పుడు ప్లాస్టిక్ పచ్చిక మీద 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కనిపించింది. తారురోడ్డు కన్నా అదే ఎక్కువ వేడిగా ఉంది. నీళ్లు చల్లితే చల్లబడింది గాని ఇరవై నిమిషాలు తిరగకుండానే మళ్లీ కాలిపోయింది. అది ఎత్తైన ప్రదేశంలో ఉన్న ఊరు. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే నెల్లూరులో మధ్యాహ్నం రెండు గంటలకు ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1947లోనే కొలిచారు. 44 డిగ్రీల వేడి అయితే కొన్ని గంటలు, 60 డిగ్రీలైతే కొద్ది సెకన్లు. ప్లాస్టిక్, ఇనుమంత వేగంగా వేడిని చర్మానికి అందించదు కనుక మామూలు మనిషి కాలు పెట్టగానే చురుక్కుమని వెనక్కి తీసుకుంటాడు, పెద్ద హాని జరగదు. వెనక్కి తీసుకోలేనివారి సంగతి ఏమిటి? ఐసీఎంఆర్ నిర్వహించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. అది ముదిరినవారిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో వేసవి తిరునాళ్లు ముగిసిన తరువాతి వారంలో ఇటువంటి పాదాలు వరుసగా వచ్చేవి. గుడి చుట్టూ బండల మీద చెప్పులు లేకుండా ప్రదక్షిణలు చేసి, అరికాలు నిండా బొబ్బలెక్కినా నొప్పి తెలియక, కట్టు తడిసినప్పుడు గాని చూసుకోనివారు. వారిలో కొందరికి వేలు తీయవలసి వచ్చింది. గుడికి ఏడాదికొకసారి వెళతారు. వాకిట్లోకి రోజుకు పదిసార్లు వెళతారు. పైగా పచ్చిక మీద చెప్పులు లేకుండా నడిస్తే ఆరోగ్యమని ఎవరో చెప్పి ఉంటారు. అది మంచు తడిసిన గరిక గురించిన మాట, ప్లాస్టిక్ గురించినది కాదు.

అందుచేత షుగరు ఉన్నవారు గల ఇంట్లో ఎండ పడే చోట ఈ గడ్డి వద్దని ఖచ్చితంగా చెబుతాను. వేపచెట్టు నీడలోనో, తూర్పు వసారా ముందో ఒక ముక్క వేసుకుంటే అభ్యంతరం లేదు. పాకే వయసు పిల్లలకూ ఇదే నియమం. ఒకవేళ కాలితే ఇరవై నిమిషాల పాటు మామూలు కుళాయినీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ముద్ద ఏదీ రాయవద్దు. బొబ్బ చిదపవద్దు. షుగరు రోగి అయితే బొబ్బ శనగగింజంత ఉన్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

పరుగెత్తి పడినప్పుడు ఈ గడ్డి మీద చర్మం గీరుకుపోతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఫుట్‌బాల్ జట్టులో 2003 సీజనులో అయిదుగురు ఆటగాళ్లకు మామూలు మందులకు లొంగని స్టెఫిలోకాకస్ చీముగడ్డలు వచ్చాయి. అవన్నీ పచ్చిక మీద గీరుకుపోయిన చోటనే వచ్చాయని 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. తువ్వాళ్లు పంచుకోవడం, చేతులు సరిగా కడగకపోవడం కూడా అందుకు తోడయ్యాయి. బాక్స్ క్రికెట్ ఆడి మోకాళ్లు గీరుకొని వచ్చే పిల్లలను సబ్బుతో కడిగి శుభ్రం చేయడం మరవకూడదు. పోచల మధ్య పాత టైర్ల రబ్బరు గుళ్లు పోస్తామంటే ఒప్పుకోకండి, శుభ్రమైన సిలికా ఇసుక పోయించండి. ఆ గుళ్లు వానకు కొట్టుకుపోయి సముద్రంలో చేరుతున్నాయన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2023లో నియమం తెచ్చి, 2031 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది. క్యాన్సరు వస్తుందా అని అడుగుతారు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు అంత భయపెట్టేవిగా లేవు. కాని ఇసుక చవకగా దొరికే చోట టైరు ముక్కలు ఎందుకు?

(ధనుర్మాసంలో ముగ్గు ఎక్కడ వేస్తారమ్మా అని ఒక ఇంటి ఇల్లాలిని అడిగాను. ముగ్గు స్టిక్కరు ఉన్నది డాక్టరుగారూ అన్నది. ఆ సమాధానానికి నా దగ్గర వైద్యం లేదు.)

నీటికి దారి ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి దోమ, వాసన మాత్రమే కారణం కాదు. తీరంలో భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే కింద సుమారు నలభై అడుగుల మేర ఉప్పునీటిని అది నెట్టి ఉంచుతుంది. ఆ పై అడుగును నింపేది ఈశాన్య రుతుపవనాల వాన. మనం ఒకవైపు బోర్లతో తోడుతూ, మరొకవైపు వాకిలి అంతా చప్టాతో మూసి వానను రోడ్డు మీదికి తరిమితే ఉప్పు పైకి వస్తుంది. ఉప్పునీరు తాగే బంగ్లాదేశ్ తీరగ్రామాల్లో గర్భిణులకు రక్తపోటు ఎక్కువగా ఉండడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. కూరలో ఉప్పు తగ్గించమని ప్రతి రోగికీ చెబుతాము. నీటిలో వచ్చే ఉప్పును ఎవరు తగ్గించగలరు? వాననీటిని ఇంకించడం గురించి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టంలోనే ఉన్నది. అది ప్లాను కాగితం మీద గీసే ఒక గుండ్రని గుర్తుగా మిగిలిపోయింది.

చివరికి ఆ గొట్టం ఎక్కడ తేలుతున్నది అన్న ప్రశ్న ఒకటి ఉన్నది. గడ్డి వేయించుకునేవారి ఇళ్లు సాధారణంగా రోడ్డు వైపు మెరక మీద ఉంటాయి. వాటి వెనుక పల్లంలో మత్స్యకారుల వాడ, ఎస్టీ కాలనీ ఉంటాయి. పది ఇళ్లవారు వాకిళ్లు మెరక చేసుకొని చప్టా వేసుకొని నీటిని బయటికి వదిలితే, అది వాయుగుండం పట్టిన రాత్రి ఆ పల్లంలో మోకాటిలోతున నిలుస్తుంది. ఎలుకలు తిరిగిన ఆ నీటిలో పగిలిన కాళ్లతో నడిచినవారికి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడడం, ముదిరితే కామెర్లు. అందుకే గొట్టాన్ని వీధి కాలువలో కలిపే ముందు, ఆ కాలువ ఎటు పారుతున్నదో, తూము పూడి ఉన్నదేమో పంచాయతీ సిబ్బందిని వెంటబెట్టుకొని ఒకసారి నడిచి చూడండి. ఇసుకనేల ఉన్నవారికి ఆ నడక కూడా అవసరం లేదు, వాన ఎక్కడ పడితే అక్కడే ఇంకుతుంది. ఈ ఏటి పని అక్టోబరు మొదటి వారం లోపల ముగించుకోండి. తరువాత కంకర తడిసి, దిమ్మిస దిగదు.